మూడో కూత

కుక్కర్ కూత వింటే జగదీష్‌కి పైప్రాణాలు పైనే పోతాయి. ముప్పై ఏళ్లవాడు, మాట రాదు. రెండో కూతకు ముందే పొయ్యి ఆర్పాలని అతణ్ణి చూసుకునే నూకాలుకు తెలుసు. అన్నానికి మూడు కూతలు రావాలని ఆమె చేతులకున్న, తమకు తామే పనిచేసే ఇనుప తొడుగులకు తెలుసు. అవి ఆర్పనివ్వలేదు.

మూడో కూతకు జగదీష్ తల గోడకేసి బాదుకున్నాడు. నుదురు చిట్లింది. నూకాలు అరచెయ్యి అడ్డుపెట్టబోతే తొడుగులు వాటంతటవే తిరిగి అతని మణికట్లు పట్టేశాయి. అతను ఆమె భుజం కొరికాడు. తొడుగులు ఇంకా బిగిశాయి. అతని మణికట్టు ఎముక పటుక్కుమంది.

ఊళ్లో ఈ పని చేసేవాళ్లందరికీ ఇప్పుడు ఇవే చేతులు. పని నేర్పమని, జీతం పెంచమని మూడేళ్లు మొత్తుకుంటే పనికి పంపే ఏజెన్సీవాళ్లు ఇవి తొడిగి, ఇక నేర్చుకోడానికేముందన్నారు.

"వదలవే నూకాలూ, చచ్చిపోతాడు!" జగదీష్ తల్లి భాగ్యవతి కేకపెట్టింది.

"పట్టుకున్నది నాను కాదమ్మా, ఇవి! రోకలి తెచ్చి నా సేతుల మీద బాదండి!"

"నీ వేళ్లు నుజ్జయిపోతాయే!"

"అయితే అవనీయండి!"

భాగ్యవతి కళ్లు మూసుకుని బాదింది. నాలుగో దెబ్బకు తొడుగులు పగిలాయి, లోపల నూకాలు వేళ్లూ విరిగాయి. నూకాలు మోచేత్తో పొయ్యి ఆర్పి, జగదీష్ నుదుటికి తన నుదురు ఆనించింది. అతని అరుపు మెల్లగా మూలుగైంది.

ఏజెన్సీ నుంచి ఫోన్ వచ్చింది. "తొడుగులు పాడైనట్టున్నాయి మేడమ్. సాయంత్రానికి కొత్తవి పంపుతాం. ఇంకేమైనా కావాలా?"

"ముందు అంబులెన్సు పంపు. తర్వాత ఈ మనిషికి పని నేర్పించు, జీతం పెంచు. కాదూ తొడుగులే పంపుతానంటావా, తెచ్చేవాణ్ణి హెల్మెట్ పెట్టుకు రమ్మను," అంది భాగ్యవతి. రోకలి ఇంకా ఆమె చేతిలోనే ఉంది.