రంగు పట్టని పత్తి

పత్తి మళ్ళీ తెల్లగానే మిగిలింది.

అరుణశ్రీ ఆ పింజను నీలిరంగు గిన్నెలోంచి తీసి కుళాయి కింద పెట్టింది. రంగంతా సింకులోకి జారిపోయింది. ఇది పదకొండోసారి. నెల కిందటి వరకు ఎంత పిండి ఉతికినా చుక్క రంగు దిగేది కాదు.

ఆమె ఐదేళ్ల పరిశోధన అంతా ఆ నీలిరంగే. పత్తి అంటే సెల్యులోజు. రంగును గట్టిగా పట్టి ఉంచే గుణం దానికి అతికించాలంటే ఘాటైన క్షారంలో గంటల తరబడి మరిగించాలని పుస్తకాలు చెబుతాయి. అరుణశ్రీ సబ్బులాంటి ఒక రసాయనం తయారుచేసి, అది కలిపిన గోరువెచ్చని నీళ్లలో గంటలోపే ఆ పని కానిచ్చింది. సబ్బు అణువులు నీళ్లలో గుంపులు కడతాయి, ఆ గుంపులే చర్యను నడిపిస్తాయి. ఇదీ ఆమె సిద్ధాంతం.

మొదటి మూడేళ్లు ఏదీ కుదరక ఏడ్చింది. నాలుగో ఏట ఉన్నట్టుండి రంగు నిలిచింది. దుమ్ముగూడెం జానీ ఆమెకు జూనియర్‌గా ల్యాబులో చేరిన ఏడాదే అది. నీ పాదం మంచిది తమ్మీ అని, అతనికి ఖమ్మం బస్టాండు దగ్గర బిర్యానీ కూడా పెట్టించింది.

ఆ తమ్ముడే గొంతు కోశాడు.

ఇంకేమనుకోవాలి? ఫెలోషిప్ ఆమెకు వచ్చింది, అతనికి రాలేదు. చదువు సగంలో వదిలేసి బూర్గంపాడులో ఒక ప్రైవేటు కాలేజీలో లెక్చరర్‌గా చేరాడు. వెళ్లే రోజు ముఖం మాడ్చుకునే వెళ్లాడు. అతను వెళ్లిన పది రోజులకు రంగు నిలవడం మానేసింది.

పాపం, ముందు తన చేతినే అనుమానించుకుంది. స్వేదనజలం మార్చి చూసింది. రంగు మార్చి చూసింది. మార్కెట్ యార్డు నుంచి వేరే పత్తి తెప్పించి చూసింది. మార్చలేనిది ఒక్క సీసాయే. ఆ సబ్బు రసాయనం బజారులో దొరికేది కాదు, తయారుచేయడానికి ఆరు నెలలు పట్టింది. ఉన్నది ఒకే సీసా. అది ఉన్న బీరువాకు రెండు తాళంచెవులు. రెండోది వెళ్లేదాకా జానీ దగ్గరే ఉండేది, ఆమే నమ్మి ఇచ్చింది.

ఫోన్ చేసింది.

"సీసాల ఏం కలిపినవ్?"

"నువ్వు గిట్ల అడుగుతవనుకోలే అక్కా" అని జానీ పెట్టేశాడు.

తప్పు చేయనివాడు అలా పెట్టేస్తాడా? ఆమెకు ఒళ్ళు మండిపోయింది. సొంత తమ్ముడికి కూడా చూపని నోటుపుస్తకాలు అతనికి చూపించింది. జ్వరం వస్తే దవాఖానాకు తీసుకెళ్లి పక్కన కూర్చుంది. అన్నీ ఒకటొకటిగా గుర్తొచ్చాయి.

గైడు వెంకటేశ్వరరావు గారి దగ్గర కూర్చుని మొత్తం చెప్పింది. ఆయన రెండో మాట అడగలేదు. ఇతన్ని ల్యాబులోకి రానివ్వడం ప్రమాదమని బూర్గంపాడు కాలేజీకి ఉత్తరం రాశారు. మూడో రోజుకల్లా జానీ ఉద్యోగం ఊడింది. ఇప్పుడు ఊళ్లో మిరప చేలో కూలికి పోతున్నాడని ఎవరో చెబితే, తగిన శాస్తి జరిగిందనుకుంది. ఆ రోజు ఆమె కడుపు నిండా అన్నం తిన్నది.

కానీ సిద్ధాంతగ్రంథం మాత్రం ఒడ్డున పడలేదు. పరీక్షించడానికి వచ్చిన పెద్దమనిషి కళ్ళెదుట చేసి చూపమన్నాడు. ఆయన కళ్ళెదుట కూడా పత్తి తెల్లగానే మిగిలింది. సీసాను ఎవరో పాడుచేశారంటే ఆయన నమ్మలేదు. చూసినవాళ్లు ఒక్కరుంటే రాయించి తీసుకురమ్మని, అప్పుడు ఇంకో తేదీ ఇస్తానని, లేకపోతే గ్రంథం తిప్పి పంపడమేనని తేల్చేశాడు.

చూసి ఉండగలిగింది బతుకమ్మ ఒక్కతే. పన్నెండేళ్లుగా ఆ ల్యాబులో అటెండరు. పొద్దున్నే తలుపులు తీసేదీ, గాజు సామాను తోమేదీ, పత్తి కడిగి ఆరబెట్టి అందరి బల్లల మీద పెట్టేదీ ఆమే. ఆమె పని చేసుకునే వెనక వరండాలోకి అరుణశ్రీ ఈ ఐదేళ్లలో అడుగుపెట్టింది లేదు. ఈ రోజు కాగితం, కలం పట్టుకుని వెళ్లి, ఆమె పక్కనే మెట్టు మీద కూర్చుంది.

జానీ ఆ బీరువా తెరిచి సీసాలో ఏదో పోయడం చూశానని ఒక్క ముక్క చెప్పమని, మిగతాది తానే రాసుకుంటానని బతిమాలింది.

"తాళంచెవి ఉండే, అవ్" అంది బతుకమ్మ. "గని సీసా ముట్టంగ నేనెన్నడు చూడలే బిడ్డా. చూడంది చూసిన్నని ఎట్ల చెప్త?"

"మరి వాడు పోయినంకనే ఎందుకు ఖరాబైంది అవ్వా? పోయేముందు ఏదో ఒకటి చేసే ఉంటడు. జర యాదికి తెచ్చుకో. నా బతుకు నీ మాట మీద ఉన్నది."

బతుకమ్మ తడి చేతులు కొంగుకు తుడుచుకుంది.

"పోయేముందు ఏం చెయ్యలే బిడ్డా, గని వచ్చిన కాడ్నుంచి ఊరికి పోయొచ్చినప్పుడల్లా నీ పత్తి నానబెట్టనీకి సంచెడు కుంకుడుకాయలు తెచ్చిచ్చేటోడు, ఇప్పుడు తెచ్చేటోళ్లు లేక ఉత్త నీళ్లతోనే కడుగుతున్న."