తుపాకీ కింది లైటు

నేలమాళిగ తలుపు వేశారో లేదో, కరెంటు పోయింది. పైన సుడిగాలి హెచ్చరిక సైరన్ ఆగకుండా మోగుతోంది.

"షెరీఫుగారూ, నా గుండె మాత్రల సీసా జారిపోయింది," అంది చీకట్లోంచి అత్తగారు ఓపల్, ఆయాసపడుతూనే. పోలీసు కాకపోయినా ఇంట్లో కూడా పిస్తోలు పెట్టుకు తిరిగే అల్లుణ్ణి తొమ్మిదేళ్లుగా ఆ వెటకారంతోనే పిలుస్తోంది.

హార్లన్ జేబులు తడుముకున్నాడు. టార్చి కారులో ఉండిపోయింది, ఫోన్లు వంటింట్లో. నడుముకి మాత్రం పిస్తోలుంది, దాని గొట్టం కింద బిగించిన లైటుంది.

"అదే వెయ్యి," అంది భార్య వెర్నా.

"దాంతో వెతక్కూడదు. లైటు ఎటు పడితే గొట్టం అటే ఉంటుంది."

"ఊడదీసి ఇవ్వు మరి."

"ఊడదీస్తే పిస్తోలు ఒరలో నిలవదు. ఒరని లైటుతో కలిపి కొలతిచ్చి చేయించాను."

"అమ్మకి ఊపిరాడకపోతుంటే నీకు ఒర గొడవా?"

"సరే, నేలకేసే చూపిస్తాలే."

తెల్లటి వెలుగు సిమెంటు మీద పాకింది. నీళ్ల డబ్బాలు దాటి, బెంచీ అంచు దాకా వెళ్లి, పైకి జారి, ఓపల్ ఒళ్లో పడింది.

ఆవిడ రెండు చేతులూ మెల్లగా పైకి లేచాయి.

"మాత్రలు దొరక్కపోయినా పర్లేదు బాబూ," అంది, ఎంతో మర్యాదగా.

హార్లన్ పిస్తోలు గోడకి తిప్పి, లైటు ఊడదీసి వెర్నా చేతికిచ్చాడు. సీసా బెంచీ కిందే ఉంది. ఓపల్ నాలుక కింద మాత్ర పెట్టుకుని కళ్లు మూసుకుంది.

ఒరలో నిలవని పిస్తోలు గోడకేసి పట్టుకుని, అతను 'షెరీఫుగారూ' అన్న పిలుపు కోసం ఎదురుచూశాడు.

సైరన్ ఆగిపోయింది. ఆవిడ ఆయాసం తగ్గి కళ్లు తెరిచింది గానీ, అలా పిలవలేదు.