మిషన్ పక్కన ఫొటో

"ముందా ముసుగు తీసెయ్యండి, ఫొటోలో మిషన్ కనపడాలి," అన్నాడు ఫొటోగ్రాఫర్.

ప్రొఫెసరమ్మ ప్లాస్టిక్ కవరు లాగేసింది. దానిమీది టిఫిన్ డబ్బాలు పొద్దున్నే దాచేయించింది. లోహాల బలం పరీక్షించే ఆ మిషన్‌ని కంపెనీవాళ్లు ఒప్పందం మీద యూనివర్సిటీకిచ్చి ఏడాదయింది. ఇవాళ ఆ ఒప్పందం పొడిగింపు.

కంపెనీ మేనేజరు ఆమె చెవి దగ్గరకు వంగాడు. "మేడమ్, ఒక్కసారి ఆన్ చేసి చూపిస్తారా? దీన్ని నడపడం మావాళ్లకి చేతకాకే, మీరు నేర్పుతారని మిషన్‌ని ఇక్కడికి పంపాం."

ప్రొఫెసరమ్మ గొంతు తగ్గించింది.

"అయ్యో, మీరొచ్చి నేర్పుతారనే కదండీ మేం ముట్టుకోలేదు!"

ఇద్దరూ మిషన్ వైపు చూశారు. దాని స్టిక్కరైనా ఊడలేదు.

"మరి పొడిగింపు?" గొణిగాడు మేనేజరు.

"ఆపేస్తే ఎందుకాపారని పైవాళ్లు అడగరూ?"

"నిజమే," అన్నాడాయన వెంటనే.

"సార్, మేడమ్! ఏదో వివరిస్తున్నట్టు నిలబడండి!" అని కేకేశాడు ఫొటోగ్రాఫర్.

"ఎవరు ఎవరికి బాబూ?" అంది ప్రొఫెసరమ్మ.

"ఎవరైతేనేం మేడమ్? ఫొటోలో మాటలు వినపడవుగా. చెయ్యి చూపించి నోరు తెరవండి, చాలు."

ఇద్దరూ ఒకేసారి చెయ్యి చూపించి నోరు తెరిచారు. ఏడాదికి ఆ ల్యాబులో ఒక్క పాఠమైనా ఇద్దరికీ వంటబట్టింది.