అతికించిన చప్పట్లు

“ఇది చదివి నువ్వే చెప్పు,” అంటూ కార్యదర్శి తన ఫోన్‌ని మైకు ముక్కు దగ్గర పెట్టాడు.

ఆ హాల్లో మాస్టారి ఉపన్యాసాలు రికార్డు చేసి నెట్‌లో పెట్టే అతనికి అమ్మానాన్నలు పెట్టిన పేరొకటి ఉండేది. పదేళ్ళుగా అందరూ మైకు అనే పిలవడంతో అది ఇంటికే పరిమితమైపోయింది.

ఎవరో శ్రోత రాశాడు: “మాస్టారు పాత నగరాల గురించి చెప్పినా, ఏ మతం ఎక్కడ పుట్టిందో చెప్పినా, చివర్లో చప్పట్లు మాత్రం ఒక్కటే. అందరూ ఆగాక ఎవరో విడిగా ఇంకో మూడు కొడతారు. ప్రతిసారీ మూడే! ఆధారం లేని మాట చెప్పనంటారే, మరి ఈ చప్పట్లకి ఆధారమేమిటి?”

మైకు దాన్ని రెండుసార్లు చదివాడు.

“మీరే కదండీ అతికించమన్నది,” అన్నాడు నీళ్ళు నములుతూ.

“అన్నాను. ఇలా దొరికిపోయేలా అతికించమన్నానా? రేపు ఊరంతా ఆయన్ని ఆడిపోసుకుంటే ఏం మొహం పెట్టుకుని ఎదురుపడతాం?”

ఒకప్పుడు మాస్టారు మాట్లాడుతున్నారంటే రెండొందల కుర్చీలూ నిండి, గుమ్మంలో కూడా నిలబడేవారు. మూడేళ్ళుగా పట్టుమని పదిమంది రావడం లేదు. వాళ్ళ చప్పట్లు రికార్డులో చూరునీళ్ళలా టపటపమని ఆగిపోయేవి. “వినేవాళ్ళు ఏమనుకుంటారయ్యా, ఏదో ఒకటి చెయ్యి,” అన్నాడు కార్యదర్శి. నిండు హాలు రోజుల్లో మాట ముగియగానే మీట నొక్కి రికార్డింగ్ ఆపేయడం మైకు అలవాటు. ఒక్కరోజు మాత్రం సమయానికి తుమ్ములు పట్టుకుని ఆలస్యమైంది. అలా దొరికిన అర నిమిషం చప్పట్లనే కోసి, అన్నిటికీ అతికించాడు.

మాస్టారు ప్రతి సోమవారం పొద్దున్నే రికార్డింగ్ గదికి వచ్చేవారు. “గంటన్నర నా గోల నాకెందుకుగానీ, చివరి నిమిషం పెట్టు,” అని హెడ్‌ఫోన్లు తగిలించుకుని కళ్ళు మూసుకునేవారు. అయిపోయాక మళ్ళీ పెట్టమనేవారు. ఈ వయసులో చప్పట్ల మీద ఇంత మోజేమిటా అని మైకు లోలోపల నవ్వుకునేవాడు. ఒకసారి ఉండబట్టలేక పైకే అనేశాడు.

“ఆ చివరి మూడూ ఎవరో నిద్రలేచి కొట్టినట్టున్నారు మాస్టారూ. తీసెయ్యనా?”

“ఉండనీవయ్యా,” అని మాస్టారూ నవ్వారు. “నిద్రపోయినవాళ్ళు కూడా కొట్టారంటే గొప్పే కదా!”

ఇప్పుడా నవ్వు గుర్తొచ్చి మైకుకి తల కొట్టేసినట్టయింది. పరీక్షలో పక్కవాడిది చూసి రాశాడని కొడుకుని పోయిన నెలే చెడామడా తిట్టాడు. తను మూడేళ్ళుగా చేసిందేమిటి? అదీ, ఒక్క తారీఖు సరిచూసుకోవడానికి నాలుగు పుస్తకాలు తిరగేసే మనిషి పేరు మీద!

శనివారమంతా కూర్చుని ప్రతి రికార్డులోంచీ ఆ చప్పట్లు కోసేశాడు. అవి నిజంగా మోగిన ఉపన్యాసంలోంచి కూడా తీసేశాడు. విడిగా దాచుకున్న ముక్కని చెరిపేశాడు. ఎవరూ వెతికి తీయకుండా కంప్యూటర్లో చెత్తబుట్ట సైతం ఖాళీ చేశాడు. అయినా మనసు తేలికపడలేదు. ఎవరో చెప్పకముందే తనే చెప్పాలనుకున్నాడు.

సోమవారం మాస్టారు వచ్చారు. చొక్కా పక్కంతా తడిసి ఉంది. భార్య ఉన్నన్నాళ్ళూ వేన్నీళ్ళ ఫ్లాస్కు ఆవిడే తెచ్చేది. ముందు వరసలో కూర్చుని, దాన్ని ఒళ్ళో రెండు చేతులా పట్టుకుని, ఆయన గొంతు బొంగురుపోగానే లేచి అందించేది. ఆవిడ పోయాక ఫ్లాస్కు ఆయనే మోస్తున్నారు. మూత బిగించడం మాత్రం ఇప్పటికీ చేతకాలేదు.

“చివరి నిమిషం పెట్టు,” అన్నారు కూర్చుంటూ.

మైకు పెట్టాడు. పది మంది చప్పట్లు మోగి ఆగిపోయాయి. మాస్టారు కళ్ళు తెరిచారు.

“మిగతాదేదీ?”

“అది... అది అబద్ధం మాస్టారూ.” మైకు తల వంచుకునే అంతా చెప్పేశాడు. శ్రోత రాసిందీ, తుమ్ములూ, అతుకులూ, దేన్నీ దాచలేదు. కార్యదర్శి మీదికి నెట్టబోయి, అది మరీ సిగ్గుచేటనిపించి ఊరుకున్నాడు. “బుద్ధి గడ్డి తిన్నది. మీ పరువు తీశాను. క్షమించండి.”

“నాకు తెలుసయ్యా. ఎదురుగా పది మంది ఉంటే రెండొందల చప్పట్లు ఎలా మోగుతాయి? మొదటి వారమే తెలిసింది.”

మైకు తెల్లబోయాడు. “తెలిసీ ఊరుకున్నారా?”

మాస్టారు కంప్యూటర్ తెర వైపు వంగారు. “ఎక్కడా లేవా? ఒక్కదాంట్లోనైనా?”

“ఒక్కటీ లేదు మాస్టారూ. అసలు దాంట్లోంచి కూడా తీసేశాను. ఇక ఎవరూ మిమ్మల్ని వేలెత్తి చూపలేరు.” ఆ మాట అంటున్నప్పుడు మూడు రోజుల్లో మొదటిసారి అతనికి కాస్త ఊపిరాడింది.

మాస్టారు హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టారు. ఫ్లాస్కు మూత తిప్పబోయారు. అది చేతిలోంచి జారింది.

“ఆ చివరి మూడూ ఎవరో నిద్రలేచి కొట్టారన్నావు, గుర్తుందా?”

“ఏదో నోటిదురుసు మాస్టారూ...”

“నిద్ర కాదు బాబూ,” అన్నారాయన.

“ఫ్లాస్కు కింద పెట్టి కొట్టేసరికి మా ఆవిడకి ఆలస్యమయ్యేది.”