అమ్మ లోపలే ఉంది

"నువ్వు హైమవే, గుర్తుపట్టాను. కానీ వంటింట్లోకి అమ్మకే అనుమతి. అమ్మ లోపలే ఉంది," అంది తలుపు.

లోపలున్నది హైమ రెండేళ్ల కూతురు మేధ. పొయ్యి మీద నూనె కాగుతోంది. ఆపమని హైమ అరిచినా ఆగలేదు. పొయ్యి కూడా అమ్మ మాటే వింటుంది.

ఈ మాట్లాడే ఇంటిని అమర్చిన కంపెనీకి ఫోన్ చేసింది. అవతలి ఆవిడ తాపీగా చూసి చెప్పింది: "మీ గుర్తింపు బాగానే ఉందండీ, హోదానే మారింది. ఎవరిని ఏమని పిలుస్తారో విని ఇల్లే హోదాలిస్తుంది. మీ ఇంట్లో అమ్మా అని ఎవరిని పిలుస్తారు?"

జవాబు పక్కనే వినిపించింది. మామగారు తలుపు సందులోంచి మనవరాలిని బతిమాలుతున్నారు. "పొయ్యి దగ్గరికి పోకమ్మా. మా అమ్మవి కదూ."

"మామయ్యా, మీరలా పిలవకండి. మేధా, నన్ను అమ్మా అని పిలువు."

నాన్నను చూసి నేర్చుకున్న పిల్ల "హైమా" అని కిలకిలా నవ్వింది. అంతలో గరిటె కింద పడింది. వెంటనే ఏడుపు: "అమ్మా..."

తలుపు తెరుచుకుంది. హైమ ఒక చేత్తో పొయ్యి ఆర్పి, రెండో చేత్తో పిల్లను ఎత్తుకుంది.

మామగారు ఇద్దరినీ చూసి, "ఏం కాలేదు కదమ్మా?" అన్నారు.

అడిగింది ఎవరినో తేలక, మూసుకోబోయిన తలుపు సగంలో ఆగింది.