కొవ్వొత్తి ముక్కలు

"ఓ అవ్వా, ఆ ముక్కలు ముట్టకు."

రజిత గొంతు వినగానే, వంగి ఉన్న ముసలామె చెయ్యి ఆగింది.

మానుకోట చౌరస్తాలో సమ్మె టెంటు. టెంటు ముందు, ప్రత్యేక రాష్ట్ర ఉద్యమంలో ప్రాణం పోయిన బలరాం అనే కుర్రాడి పటం. రోజూ పొద్దుగూకేసరికి జనం ఊరేగింపుగా వచ్చి ఆ పటం ముందు కొవ్వొత్తులు నిలబెట్టి పోతారు. వాళ్లు పోయాక మిగిలిన ముక్కలను రజిత ఏరుకుంటుంది.

సకల జనుల సమ్మె మొదలయ్యాక కరెంటు ఎప్పుడొస్తుందో, ఎప్పుడు పోతుందో తెలియడం లేదు. దుకాణాల్లో కొవ్వొత్తులు లేవు. కిరోసిన్ అంతకన్నా లేదు. భర్త దినేశ్ బస్సు కండక్టరు, సమ్మెలో ఉన్నాడు. కాన్పుకు వచ్చిన చెల్లెలు సుమకు నెలలు నిండాయి.

అందుకే రజిత ఆ ముక్కలను పాత పాలడబ్బాలో కరిగిస్తుంది. బొప్పాయి కాడలో దారం నిలబెట్టి, ఆ మైనం పోస్తుంది. చల్లారాక కాడ చీలిస్తే కొత్త కొవ్వొత్తి.

"మా ఇంట్ల కానుపు మనిషున్నది. చీకట్ల సస్తున్నం" అంది రజిత.

"నాక్కూడ జరన్ని గావాలె బిడ్డా."

అద్దాల రవికె, వెండి కడియాలు. తండా మనిషి.

"నీకెందుకు? ఏరి అమ్ముకుంటున్నవా?"

ముసలామె కొంగులో ఉన్నవాటిలో సగం తీసి రజిత ముందు పోసింది.

రజితకు అది చాలలేదు. కొంగు పట్టి గుంజి, మిగిలినవి కూడా తన సంచిలో దులుపుకుంది. పిడికిట్లో ఉన్న వాటిని మాత్రం ముసలామె వదల్లేదు.

ఆ తర్వాత కూడా కనబడేది. రజితను చూడగానే పక్కకు జరిగి, రజిత వదిలేసిన పొట్టి పొట్టి ముక్కలు ఏరుకునేది.

రైల్ రోకో నాడు దినేశ్‌తో పాటు చాలామందిని అరెస్టు చేశారు. ఆ సాయంత్రమే సుమకు నొప్పులు మొదలయ్యాయి.

బందు. రోడ్డు మీద ఆటో లేదు. సెల్లులో చార్జింగు లేదు.

పక్క గల్లీలో ఉండే పాత నర్సు భాగ్యమ్మ వచ్చి చూసింది.

"దవాఖానకు పొయ్యే యాళ్ల లేదు. నీళ్లు కాగవెట్టు."

ఇంట్లో ఉన్న కొవ్వొత్తులన్నీ ముట్టించారు. సన్నటి కాడల్లో పోసినవి, ఒక్కొక్కటే ఒరిగి, కరిగి, ఆరిపోయాయి. సుమ అరవడం కూడా మానేసింది. పండ్లు కరిచి మూలుగుతోంది.

"రజితా, పేగు బిడ్డ మెడకు సుట్టుకున్నట్టున్నది" అంది భాగ్యమ్మ. "నా కండ్లకేం కనవడ్తలేదు. ఎట్లన్న జేసి ఎలుతురు దే."

రజిత ఉరికింది.

గల్లీలో ఇండ్లన్నిటికీ తాళాలు. పట్టుకపోయినోళ్ల కోసం జనమంతా ఠాణా ముందు కూర్చున్నారు.

చౌరస్తాకు వచ్చింది. ఆ రోజు ఊరేగింపు కూడా లేదు.

పటం ముందు ముసలామె ఒక్కతే ఉంది. ఆమె ముందు వెదురు బొంగంత లావు కొవ్వొత్తి వెలుగుతోంది. తెల్లవి, ఎర్రవి, పచ్చవి, ఎన్ని ముక్కలు కలిసి కరిగాయో, ఒళ్లంతా చారలు.

రజిత ఆమె కాళ్ల దగ్గర కూలబడింది.

"అవ్వా, నా చెల్లె సచ్చిపోతది. గా కొవ్వొత్తి ఇయ్యి."

ముసలామె కాసేపు కొవ్వొత్తినే చూసింది. తర్వాత దాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని లేచింది.

"ఇల్లు యాడ?"

గాలికి కొంగు అడ్డం పెట్టుకుని, ఆరకుండా ఇంటిదాకా తెచ్చింది. భాగ్యమ్మ పక్కన మోకాళ్ల మీద కూర్చుని పట్టుకుంది.

"ఇంకింత కిందికి" అంది భాగ్యమ్మ.

కిందికి వంచింది. కాగిన మైనం మణికట్టు మీద బొట్లు బొట్లుగా పడింది. చెయ్యి కదల్లేదు.

పసిగుడ్డు నీలంగా వచ్చింది. భాగ్యమ్మ పేగు తప్పించి, వీపు మీద తట్టింది. మళ్లీ తట్టింది.

అప్పుడు బిడ్డ ఏడ్చింది.

"ఆడపిల్ల" అంది భాగ్యమ్మ.

ముసలామె ఆ పసి ముఖం మీదికి వెలుతురు పట్టి, చాలాసేపు చూసింది.

తల్లినీ బిడ్డనూ శుభ్రం చేసేసరికి వంచి వంచి పట్టిన కొవ్వొత్తి పూర్తిగా కరిగిపోయింది. రజిత చీకట్లోనే తడుముకుంటూ చాయ్ పెట్టి తెచ్చింది. ముసలామె లేదు.

తెల్లారి దినేశ్ ఇల్లు చేరాడు. రజిత గిన్నెలో బువ్వ, కూర పెట్టుకుని చౌరస్తాకు పోయింది. టెంటు చూసుకునే ఎల్లస్వామి ఊడుస్తున్నాడు.

"అన్నా, కొవ్వొత్తి ముక్కలేరుకునే తండా అవ్వ యాడుంటది?"

"జమ్లీ అవ్వనా? పొద్దుగాలనే పాయె. కొత్తగూడ అవుతల అడవిల తండా. బస్సుల్లేవాయె, నడుసుకుంటనే వచ్చింది, నడుసుకుంటనే పోయింది."

"మల్ల ఎప్పుడొస్తది?"

"ఇగ రాదక్కా. నిన్నటితోని బలరాం పోయి ఏడాది నిండె గదా. నిన్నటి కోసమే ఇన్నొద్దులు గీ టెంట్లనే ఉండి, ముక్కలేరి గంత కొవ్వొత్తి జేసుకున్నది. తెల్లారేదాక పటం ముంగట ఆరనియ్యనని మొక్కిందట. మేం ఠాణ నుంచి వచ్చి సూస్తే కొవ్వొత్తి లేదు. చీకట్ల ఒక్కతే కూసున్నది. ఏమైందంటే చెప్పలే."

రజిత గిన్నె కింద పెట్టింది.

"గామెకెందుకన్నా గంత మొక్కు?"

ఎల్లస్వామి పటం మీది దుమ్ము తుడుస్తూ అన్నాడు.

"బలరాం గామె కొడుకే గదక్కా."