కొత్త మామిడి ముక్క

“మిగతా పిల్లలేరే?”

గూడెం బడిలో ముత్తమ్మ ఒక్కతే కూర్చుంది.

“రారు మేడం. మామిడి పండుగ చెయ్యకముందే కొత్త మామిడికాయ తిన్న గదా, నా పక్కన కూసోరంట.”

టీచర్ ప్రసూన గతుక్కుమంది. సత్తుపల్లి నుంచి వచ్చి వారమే. మూఢనమ్మకం పోగొడతానని నిన్న ఆ ముక్క పిల్ల నోట్లో కుక్కింది తనే.

“మీ అమ్మేమంది?”

“పండుగయ్యేదాక వాకిట్లనే ఉండమంది. బువ్వ గూడ ఆడనే పెట్టింది.”

“ఛీ, ఏం మనుషులే! కన్నబిడ్డని బయట పెడతారా?”

ముత్తమ్మ కళ్ళు మెరిశాయి. “అయితే పండుగ దాక మీ ఇంట్ల ఉండనా మేడం?”

ప్రసూన చూపు తిప్పుకుంది.

“మా అత్తయ్యకి పట్టింపులెక్కువే. మీవాళ్ళని లోపలికి రానివ్వదు. వరండాలో పడుకుంటావా?”